నలభై దాటాక వచ్చిన హెచ్చరిక: బరువు తగ్గడం ఎక్కడ మొదలుపెట్టాలి?

– నర్సింగ్ సూపరింటెండెంట్



మన ఓ.పి.లో ఏ రోజు చూసినా ఇలాంటివారు నలుగురైదుగురు కనిపిస్తారు. వయసు నలభై అయిదు, యాభై. మోకాళ్ళ నొప్పి అని వచ్చినవారు కొందరు, చూపు మసకగా ఉందని వచ్చినవారు కొందరు. ఇంకెవరికో తోడుగా వచ్చి "నాకూ ఒకసారి బి.పి. చూడండి సిస్టరమ్మా" అని చెయ్యి చాపినవారు మరికొందరు. తీరా చూస్తే బి.పి. 160/100. పరగడుపున షుగరు 150. స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందని రిపోర్టు. డాక్టరు గారు మందులు రాసి, చివర ఒక మాట అంటారు: "బరువు తగ్గాలి."

ఆ మాట విని ఇంటికి వెళ్ళినవారు ఎక్కువగా రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. కొందరు భయపడి మర్నాటి నుంచే అన్నం మానేస్తారు. తెల్లవారుజామున లేచి ఐదు కిలోమీటర్లు నడుస్తారు. పదిహేను రోజులకు నీరసం వచ్చి అన్నీ వదిలేస్తారు. మరికొందరు "ఈ పెళ్ళి కానివ్వండి, క్రిస్మస్ వెళ్ళనివ్వండి" అంటూ ఏడాది గడిపేస్తారు. ఇద్దరూ మళ్ళీ మా దగ్గరకు వచ్చేసరికి బరువు తగ్గకపోగా మాత్రలు పెరుగుతాయి.

అందుకే ఈ వ్యాసం మొదటి మూడు నెలల గురించి. చెప్పదలచినది ఒక్కటే. కొంచెంతో మొదలుపెట్టండి, డాక్టరు గారికి చెప్పి మొదలుపెట్టండి, ఇంటిల్లిపాదీ కలిసి మొదలుపెట్టండి.

ఈ హెచ్చరిక ఎందుకు వస్తోంది?

డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరుకు వచ్చారు. 1898లో అక్కడ స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచారు. ఆ కాలపు మిషన్ ఆసుపత్రులు కాన్పు కష్టాలతో, అంటురోగాలతో, తిండిలేమితో పోరాడాయి. ఆ కష్టాలు పూర్తిగా పోలేదు గానీ, ఇప్పుడు మన వార్డుల్లో ఎక్కువ మంచాలు నింపుతున్నవి షుగరు, బి.పి., గుండెజబ్బు, పక్షవాతం.

ఐ.సి.ఎం.ఆర్. దేశమంతటా జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగరు వ్యాధి ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. పెద్దవారిలో ప్రతి ముగ్గురిలో ఒకరికి మించి బి.పి. ఉంది.

మన శరీరానికి ఒక లక్షణం ఉంది. చేతులు, కాళ్ళు సన్నగా ఉన్నా కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది. ఆ కొవ్వు లోపల కాలేయం, క్లోమం చుట్టూ చేరి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది. అందుకే విదేశీయులకు పెట్టిన కొలతలు మనకు సరిపోవు. మనవారికి వాడే కొలతలు ఇవి:

• నడుము చుట్టుకొలత: పురుషులకు 90 సెంటీమీటర్లు (సుమారు 35½ అంగుళాలు), స్త్రీలకు 80 సెంటీమీటర్లు (31½ అంగుళాలు) దాటకూడదు. టేపును కడపటి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య పెట్టి, ఊపిరి వదిలి కొలవాలి. ప్యాంటు సైజు చూసి లెక్క వేసుకోకండి. చాలామంది ప్యాంటును పొట్ట కిందకు కట్టుకుంటారు.

• బరువు: ఎత్తు 160 సెంటీమీటర్లు (5 అడుగుల 3 అంగుళాలు) ఉన్నవారు 59 కిలోలు దాటితే అధిక బరువు, 64 కిలోలు దాటితే స్థూలకాయం. మిగతా ఎత్తులకు పట్టిక ఓ.పి.లో సిస్టరును అడిగితే చూపిస్తారు.

• పరగడుపు షుగరు 100 నుంచి 125 వరకు ఉంటే షుగరు అంచున ఉన్నట్టు. 126 గానీ అంతకు మించి గానీ రెండుసార్లు వస్తే షుగరు వ్యాధి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షలో 5.7 నుంచి 6.4 వరకు అంచు, 6.5 నుంచి వ్యాధి.

మొదటి గురి: నూటికి అయిదు

80 కిలోలు ఉన్నవారిని "ఎంత తగ్గాలనుకుంటున్నారు?" అని అడిగితే "పెళ్ళినాటి బరువుకు, యాభై అయిదుకు" అంటారు. పాతికేళ్ళలో పెరిగిన బరువు పాతిక రోజుల్లో పోదు. మొదటి గురి నూటికి అయిదు వంతులు చాలు. 80 కిలోల మనిషికి అది 4 కిలోలు. వారానికి అర కిలో చొప్పున తగ్గినా మూడు నెలల్లోపే అందుతుంది. మధ్యలో రెండు మూడు వారాలు కదలకపోయినా ఫర్వాలేదు.

ఆ కొంచెం తగ్గితే ఏం ప్రయోజనం అంటారా? అమెరికాలో షుగరు అంచున ఉన్నవారిపై జరిపిన పెద్ద పరిశోధన 2002లో వెలువడింది. బరువులో నూటికి 7 వంతులు తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి అన్న గురితో సాగినవారిలో షుగరు వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. మాత్ర వేసుకున్నవారిలో తగ్గింది 31 శాతమే.

మన పక్కనే చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం చేసిన పరిశోధన 2006లో వచ్చింది. మూడేళ్ళలో, మామూలు సలహా మాత్రమే అందినవారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవారిలో 39 మందికే వచ్చింది. గమనించండి, ఈ రెండవ గుంపువారి బరువు పెద్దగా తగ్గలేదు. అయినా మేలు జరిగింది. త్రాసు ముల్లు కదలలేదని నిరుత్సాహపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఇంకో లెక్క. ఒంట్లో ఒక కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

మొదలుపెట్టే ముందు డాక్టరు గారితో మాట్లాడవలసినవి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన భాగం. దయచేసి దాటవేయకండి.

షుగరు మాత్రల్లో గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటివి, అలాగే ఇన్సులిన్, మనం తిన్నా తినకపోయినా షుగరును దించుతాయి. తిండి ఒక్కసారిగా తగ్గించి మందు అంతే వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ భయం బాగా తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు అన్నం పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది. బి.పి. మాత్రలు వాడేవారికి బరువు తగ్గేకొద్దీ బి.పి. దిగి కళ్ళు తిరగవచ్చు. ఇవన్నీ డాక్టరు గారు మోతాదు సరిచేస్తే సర్దుకునేవే. మీ అంతట మీరు మాత్ర ఆపవద్దు. మాత్ర వేసుకుని అన్నం ఆపవద్దు.

ఉపవాస ప్రార్థన చేసేవారికి ఇక్కడ ఒక మాట. శ్రమకాలపు నలభై రోజుల్లో మా దగ్గరకు వచ్చిన ఒక తల్లి సంగతి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. డాక్టరు గారు బరువు తగ్గమన్నారు, ఉపవాసం ఉంటే రెండూ కలిసివస్తాయి అనుకున్నారామె. ఉదయం అలవాటు ప్రకారం గ్లిమిపిరైడ్ వేసుకున్నారు, ఏమీ తినలేదు. పదకొండు గంటలకు చెమటలు పోశాయి, మాట తడబడింది. ప్రార్థనలో పరవశించారని చుట్టూ ఉన్నవారు అనుకున్నారు. కొడుకు వచ్చి ఆటోలో తీసుకువచ్చేసరికి షుగరు 42. దేవుని దయవల్ల, సమయానికి గ్లూకోజు ఎక్కించడంవల్ల ఆమె కోలుకున్నారు. సాయంత్రం ఆమె అడిగిన మాట: "మరి నేనింక ఉపవాసం ఉండకూడదా సిస్టరమ్మా?"

ఉండవచ్చో లేదో, ఎలా ఉండాలో ముందుగా డాక్టరు గారిని అడగాలి. మందు వేళ మార్చడానికి, మోతాదు తగ్గించడానికి వీలుంటుంది. ఇన్సులిన్ వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టరు వద్దంటే ఆ మాట వినాలి. అలాంటివారు తీపి, చిరుతిండి, టీవీ, ఫోను విడిచిపెట్టి ఆ సమయం ప్రార్థనకు ఇవ్వవచ్చు. పాస్టరు గార్లు ఉపవాస కూడిక ప్రకటించేటప్పుడు "షుగరు మందు వాడేవారు డాక్టరును అడిగి రండి" అని ఒక్క మాట చేర్చితే ఎన్నో ప్రమాదాలు తప్పుతాయి.

షుగరు పడిపోతే ఏం చేయాలి? చెమట, వణుకు, గుండె దడ, ఆకలి, తికమక దాని గుర్తులు. మనిషి స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

నడక మొదలుపెట్టే ముందు, ఛాతీ నొప్పి గానీ ఆయాసం గానీ ఉంటే డాక్టరు గారికి చెప్పి ఇ.సి.జి. తీయించుకోండి. మలబద్ధకం, అలసట, చలికి తట్టుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష అవసరమేమో అడగండి. గట్టిగా గురక పెట్టి, పగలు కునుకుపాట్లు పడేవారు ఆ సంగతి కూడా చెప్పండి.

కంచంలో ఏం మార్చాలి?

ముందు బియ్యం లెక్క చూడండి. ఇద్దరే ఉన్న ఇంట్లో 25 కిలోల బస్తా నెలకు అయిపోతోందంటే, ఒక్కొక్కరు రోజుకు 400 గ్రాములకు పైగా బియ్యం తింటున్నట్టు. అంటే అన్నం నుంచే సుమారు 1400 కాలరీలు. కూర్చుని పని చేసే మనిషికి రోజంతటికీ కావలసినదానిలో అది చాలా పెద్ద భాగం.

అన్నం మానేయమని మేము చెప్పడం లేదు. మొదటి నెల నాలుగో వంతు తగ్గించండి. నాలుగు గరిటెలు పెట్టుకునే చోట మూడు. ఖాళీ అయిన చోట కూర, పప్పు పెట్టుకోండి. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు భాగం అన్నం లేదా రొట్టె, పావు భాగం పప్పు, గుడ్డు, చేప, చికెన్, శనగలు, ఉలవలు వంటివి. ముందు కూర, పప్పు కొంత తిని, తరువాత అన్నం కలుపుకోండి. కడుపు త్వరగా నిండుతుంది, షుగరు కూడా నెమ్మదిగా పెరుగుతుంది.

కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం పప్పు, మాంసం, పండ్లు ఎంత తినాలో డాక్టరు గారిని అడగాలి.

మరికొన్ని సంగతులు:

1. టీ: రెండు చెంచాల పంచదారతో రోజుకు నాలుగు టీలు తాగితే 40 గ్రాముల పంచదార, 160 కాలరీలు. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ రండి, నాలుక అలవాటు పడుతుంది. బెల్లం, తేనె వేసుకుంటే ఫర్వాలేదనుకోవద్దు. అవీ చక్కెరే.

2. నూనె: మనిషికి నెలకు అర లీటరు చాలు. నలుగురికి రెండు లీటర్లు తెచ్చి, నెలాఖరు దాకా అదే వాడండి.

3. ఉప్పు: రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచాకు మించకూడదు. ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు, మిక్చరు ఆ లెక్కలోవే.

4. రాగులు, జొన్నలు, కొర్రలు: మంచివే. కానీ "కొర్రలు కదా, ఎంత తిన్నా ఏం కాదు" అన్నది అపోహ. వాటిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. అన్నానికి బదులుగా తినాలి, అన్నంతోపాటు కాదు. పలచగా కాచిన రాగిజావ షుగరును త్వరగా పెంచుతుంది.

5. పండ్లు: జామకాయ, బొప్పాయి ముక్కలు, బత్తాయి కోసుకుని తినండి, రసం తీయకండి. మామిడిపండు కాలంలో ఒకటి రెండు ముక్కలు, అదీ భోజనం కాగానే కాదు.

6. రాత్రి భోజనం: ఎనిమిది గంటల్లోపు ముగించండి. గృహకూడిక తరువాత పది గంటలకు తినేవారు, వెళ్ళే ముందే తిని వెళ్ళండి.

తల్లులకు ప్రత్యేకంగా ఒక మాట. పిల్లలు కంచంలో వదిలేసినది, గిన్నె అడుగున మిగిలినది పారేయడం ఇష్టంలేక మీరే తింటారు. ఆకలి తీరాక తిన్న ఆ నాలుగు ముద్దలు లెక్కలోకి రావు గానీ ఒంట్లోకి వస్తాయి. కొలత ప్రకారం వండండి. మిగిలితే మర్నాటికి దాచండి.

వేరే గిన్నె వద్దు, ఒకే వంట

"మా ఆయనకు వేరే వంట, పిల్లలకు వేరే వంట నా వల్ల కాదు సిస్టరమ్మా," అంది మొన్న ఒకామె.

"వేరే వంట ఎందుకమ్మా? ఆయన తినేదే అందరూ తినండి," అన్నాను.

"పిల్లలు ఒప్పుకోరండి."

పక్కనే కూర్చున్న భర్త, "నా ఒక్కడి కోసం వాళ్ళనెందుకు ఇబ్బంది పెట్టడం" అన్నారు. అప్పుడు ఆయనకు ఒక సంగతి చెప్పవలసి వచ్చింది. తండ్రికి షుగరు ఉంటే బిడ్డలకు వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. ఈ కూర, ఈ పప్పు ఆయనకు మందు, బిడ్డలకు ముందుజాగ్రత్త. ఇది రోగి పథ్యం కాదు, ఇంటి భోజనం.

మా అనుభవంలో బరువు తగ్గి నిలబెట్టుకున్నవారు ఎక్కువగా ఇంట్లో వంట మారినవారే. ఒక్కరే గిన్నె పక్కకు పెట్టుకుని తినేవారు రెండో నెల దాటరు. సంఘం కూడా ఒక ఇల్లే కదా. ప్రేమవిందులో బిరియానీతోపాటు ఒక కూరగాయల వంటకం, పెరుగు పచ్చడి, కోసిన పండ్లు పెట్టవచ్చు. పుట్టినరోజులకు కేకు చిన్నది కోయవచ్చు. "ఒక్క ముక్కకేం కాదు, తినండి" అని బలవంతం చేయకపోవడం కూడా ప్రేమే.

నడక, కండ బలం

మొదటి వారం భోజనం తరువాత పది నిమిషాలు చాలు. ప్రతివారం అయిదు నిమిషాలు పెంచుతూ రోజుకు 30 నిమిషాలకు, వారానికి అయిదు రోజులకు రండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత వేగం ఉండాలి. అదే సరైన నడక.

వయసుతోపాటు కండ తగ్గుతుంది. తిండి తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. కాబట్టి వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడకు చేతులు ఆనించి పదిసార్లు ముందుకు వంగి లేవండి. మోకాళ్ళు బాగా నొప్పిగా ఉన్నవారు ఫిజియోథెరపీ విభాగంలో నేర్చుకోండి.

షుగరు ఉన్నవారు వట్టి కాళ్ళతో నడవవద్దు. పాదాల్లో తిమ్మిరి ఉంటే మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకోండి. రోజూ రాత్రి పాదాలు చూసుకోండి. వంగలేకపోతే అద్దం పెట్టుకోండి, లేదా పిల్లలను చూడమనండి.

త్వరగా తగ్గిస్తామనేవారు

ఊరూరా పొడులు, టీలు, బెల్టులు అమ్ముతున్నారు. ఏమి కలిపారో తెలియని పొడి కాలేయానికి, కిడ్నీకి హాని చేయవచ్చు. 2025 నుంచి మన దేశంలో బరువు తగ్గించే వారపు ఇంజెక్షన్ల గురించి అందరూ అడుగుతున్నారు. అవి పనిచేసే మందులే, కొందరికి అవసరమే. కానీ డాక్టరు రాసిన చీటీ మీదే వాడాలి. వాంతులు, వికారం రావచ్చు. ఆపేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది. ఇంజెక్షన్ తీసుకున్నా కంచం, నడక మారవలసిందే.

మూడో నెలలో ఆగిపోతే

వారానికి ఒకసారి, ఒకే రోజు, ఉదయం పరగడుపున బరువు చూసి పుస్తకంలో రాయండి. రోజూ చూడకండి. నీటి మార్పుకే కిలో అటూఇటూ అవుతుంది. నెలకొకసారి నడుము కొలవండి.

మొదట బాగా తగ్గి, తరువాత ముల్లు ఆగిపోవడం సహజం. శరీరం చిన్నదయ్యేకొద్దీ దానికి కావలసిన తిండి కూడా తగ్గుతుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది వదిలేస్తారు. వదలకండి. నడకకు పది నిమిషాలు కలపండి, టీలో మిగిలిన పంచదార తీసేయండి, హెచ్‌బిఎ1సి చూపించుకోండి. బరువు ఆగినా షుగరు దిగి ఉండవచ్చు. పెళ్ళిలో ఎక్కువ తిన్నారా? మర్నాడు ఉపవాసంతో శిక్షించుకోకండి. తరువాతి పూట మామూలుగా, కొలత ప్రకారం తినండి.

ఈ లక్షణాలుంటే ఆలస్యం చేయకండి

• ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, నడిస్తే ఆయాసం
• మూతి వంకర, మాట తడబాటు, ఒక వైపు చెయ్యి, కాలు పడిపోవడం
• పాదంలో మానని పుండు, నల్లబడిన వేలు
• ప్రయత్నం లేకుండానే బరువు తగ్గడం. ఇది సంతోషించవలసింది కాదు. షుగరు బాగా పెరిగి ఉండవచ్చు, టి.బి. కావచ్చు, ఇంకేదైనా జబ్బు కావచ్చు.

ఈ వారం చేయవలసినవి

నడుము కొలిచి రాసుకోండి. మీ మందుల చీటీ డాక్టరు గారికి చూపించి "నేను తిండి తగ్గించబోతున్నాను, ఏం మార్చాలి?" అని అడగండి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఈ వ్యాసం చదివి వినిపించండి. ఈ మూడే. మిగతావి వచ్చే వారం.

మన దేహం దేవుని ఆలయమని మందిరంలో ఎన్నోసార్లు విన్నాం. ఆలయం గోడకు బీట వస్తే సంఘం చందా వేసి బాగుచేస్తుంది, గోడను తిట్టదు. బరువు పెరిగినందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి, ఇంట్లో ఉన్నవారిని ఎగతాళి చేయకండి. హెచ్చరిక వచ్చిందంటే బాగుచేసుకోవడానికి ఇంకా సమయం ఉందని అర్థం. ఆ సమయాన్ని వాడుకునే జ్ఞానం, ఓర్పు ప్రభువు మీకు, మీ కుటుంబాలకు దయచేయును గాక.